నడుము నుంచి గీసిన వ్యాసార్థం

నలభై రెండో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాను. నరసరావుపేటలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే సెంటర్ ఒకటుంది. పది పాసైన సర్టిఫికెట్ తెస్తే టీచరుగా తీసుకుంటామన్నారు. జీతం మీద ఆశ లేదని అనను. కానీ అసలు ఆశ, రోజూ పదిమంది పిల్లలు నా చుట్టూ కూర్చుంటారని. మా ఆయన పోయిన ఈ మూడేళ్లలో మా టైలరింగ్ కొట్లో మిషను చప్పుడు తప్ప మాటన్నది లేదు.

లెక్కలంటే హడలే గానీ, వృత్తం పాఠానికి మాత్రం ధీమాగా కూర్చున్నాను. ఇరవయ్యేళ్లుగా గుండ్రంగా విచ్చుకునే గొడుగు పావడాలు కత్తిరిస్తున్నదాన్ని, నాకా వృత్తం గురించి చెప్పేది! సారు బోర్డు మీద వృత్తం గీసి వ్యాసార్థం చూపించమన్నారు. నేను లేచి వెళ్లి, మధ్యలో ఇంకో చిన్న వృత్తం గీసి, దాని అంచు నుంచి పెద్దదాని అంచుదాకా గీత లాగాను.

"ఆ చిన్నదేందమ్మా?" అన్నారు సారు.

"నడుము సారూ. పొడుగు నడుం కాడ్నుంచే గదా కొలిచేది."

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీ పిల్ల ఒకతె, "ఏంది పిన్నీ, వృత్తానికి లంగా తొడిగావా!" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం నవ్వలేదు. నట్టనడుమ చుక్క పెట్టి, "ఇది కేంద్రం. ఇక్కణ్ణుంచి అంచుదాకా వ్యాసార్థం. అంచు నుంచి అంచుకు గీస్తే జ్యా. ఆ జ్యా కేంద్రం మీదుగా పోతే వ్యాసం" అన్నారు.

ఆ చుక్క దగ్గర మాకు గుడ్డే ఉండదు. నాలుగు మడతలేసిన గుడ్డకు మూల అది. నడుము కోసం కత్తిరించి పారేస్తాం. కత్తిరించేముందు ఆ మూల మీద మా ఆయన టేపు కొస కదలకుండా వేలితో అదిమి పట్టుకునేవాడు. రెండో కొస పట్టుకుని నేను సుద్దతో గుర్తులు పెట్టేదాన్ని. ఇప్పుడక్కడ ఇస్త్రీపెట్టె పెడుతున్నాను. నా తెలివితక్కువతనం తలుచుకుని ఇద్దరం నవ్వుకోవాల్సింది. ఇంటికొచ్చి ఒక్కదాన్నే ఏడ్చాను.

పరీక్షలో వృత్తం బొమ్మ ఇచ్చి భాగాల పేర్లు రాయమన్నారు. ఒక్కటీ తప్పలేదు. పాసయ్యాను.

సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే సెంటర్ మేడమ్ ఎంతో సంతోషించింది. "నిన్ను తీసుకున్నట్టే అక్కా. కాకపోతే పిల్లలు రావట్లేదని ఇక్కడ క్లాసులు ఆపేశాం. ఇంటికాణ్ణుంచే ఫోన్లో వీడియో తీసి పంపు, వాళ్లే చూసుకుంటారు" అంది.

మర్నాడు కొట్లో ఫోను గోడకు ఆనించి, "అమ్మాయిలూ, ఇటు చూడండి" అని మొదలుపెట్టాను. కొలత ఎలా తీయాలో చెప్పాను. "అర్థమైందా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగాను. తర్వాత వీడియో ఆపేశాను.