ఒరుగులకు ఎక్స్‌రే

టీచరమ్మ పోయిందని సోమవారం నంద్యాల నుంచి కబురొచ్చింది. అప్పుడు నేను కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయలు కోస్తున్నాను. ఒరుగులు పెట్టే రోజుల్లోనా ఆవిడ పోవడం! ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

డెబ్భైల చివర నేను ఆళ్లగడ్డకు కొత్త కోడలిగా వచ్చేసరికి ఆవిడ మా పక్కింట్లో అద్దెకుండేది. బడిలో సైన్సు చెప్పేది. ఆదివారం చర్చికి పోయొచ్చి, మెడలో కెమెరా వేసుకుని ఆకుల్నీ కాయల్నీ ఫోటోలు తీస్తూ తిరిగేది. జామకాయ ఇచ్చినా ముందు ఫోటో తీసిగానీ కొరికేది కాదని పిల్లలు ఆటపట్టించేవాళ్లు.

ఆ ఏడు మా అత్త పెట్టిన మామిడి ఒరుగులన్నీ జాడీలోనే బూజు పట్టాయి. అత్త వీధంతా వినపడేలా అరిచింది.

"బయటుండి మిద్దెక్కింటాది ఈ పిల్ల. దీని నీడ పడే చెడిపోయినాయి. పుట్టింటికి పంపిస్తాండా!"

నెలసరి రోజుల్లో నేను పెరటి వరండా దాటి ఎక్కడికీ పోలేదు. చెబితే వినేదెవరు?

టీచరమ్మ గోడమీంచి తొంగిచూసింది. "పెద్దమ్మా, చూడకుండా మాట అనొద్దు. మళ్లీ పెట్టు. ఈసారి ఆ పాపను దగ్గరికే రానీయొద్దు."

అత్త మళ్లీ లావుపాటి ముక్కలు కోసి మండుటెండలో ఆరబోసింది. ఆరబోయకముందే వాటిలోంచి దోసెడు తీసుకుని టీచరమ్మ మొదట నీడలో ఆరనిచ్చి, తర్వాత ఎండలో పెట్టింది. రోజూ పొద్దున్నే ఒకే చోట నిలబడి రెంటినీ ఫోటో తీసేది. ఫోటోల్లో రెండూ ఒకేలా ముడుచుకుపోయాయి. "పైన తెలుస్తాంది గానీ లోపల తెలీడంలేదే" అని పెదవి విరిచి, రెండు రకాల ముక్కలూ పొట్లం కట్టుకుని శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కింది. నంద్యాలలో ఆవిడ తమ్ముడు ఎక్స్‌రేలు తీసేవాడు.

"ఒరుగులకేం రోగమొచ్చిందప్పా!" అని వీధి వీధంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా పెట్టె అప్పటికే సర్ది ఉంది.

ఫిల్ము తెచ్చి కిటికీ వెలుగుకు పట్టుకుంది టీచరమ్మ. ఆవిడ ముక్కలన్నీ ఒకే మసకగా ఉన్నాయి. అత్త ముక్కల నడుమ మాత్రం తెల్లటి మచ్చలు.

"ఈ తెలుపంతా తడి పెద్దమ్మా. ఎండకు పైన బిరీన గట్టిపడి లోపలి తడిని పోనీలేదు. బూజు ఈడ పుట్టింది. పాప నీడ యాడుంది దీంట్లో?"

అత్త తిప్పి తిప్పి చూసింది. ఆ మరుసటి నెల నేను వరండాలో దూరంగా కూర్చునుంటే మిద్దెమీంచి కేకేసింది.

"ఏందీ, కూర్చునే ఉంటాండావ్? పైకొచ్చి ఒరుగులు తిరగెయ్యి!"

అంత్యక్రియలకు పోయొచ్చాక, అప్పట్లో ఆవిడ నాకే ఇచ్చేసిన ఆ ఫిల్మును పెట్టె అడుగునుంచి తీసి కిటికీకి పట్టుకున్నాను. అంచులు పసుపుబారాయి. నడుమ, టీచరమ్మ వేలుపెట్టి చూపించిన చోట, ముక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి.