గద్వాల సముద్రం

నిజాం జమానాల హైద్రాబాదు కాలేజీల మాకు భూగోళం చెప్పిన సారుది మా గద్వాల దిక్కే. ఏమడిగినా షేర్వానీ కాలరు సర్దుకొని, "కితాబుల ఉన్నది గద!" అనేటోడు. ఆ కితాబు ఆయన రాసిందే. రాసుడేంది, కోస్తా పంటల మీద ఎవరో రాసింది ఎత్తి, ఊర్ల పేర్లు మార్చి, పెద్ద డిగ్రీ కొట్టేసిండు మహానుభావుడు! దాంట్ల గద్వాల జొన్నచేండ్లకు సముద్రపు గాలి మంచిగ తగుల్తదని ఉన్నది.

"సార్, మాది ఇటిక్యాల. మన దిక్కు సముద్రమేడున్నది?" అని అడిగిన.

కాలరు సర్దుకున్నడు. "కితాబుల ఉన్నది గద!"

పరీక్షల గదే ప్రశ్న ఇచ్చిండు: గద్వాల జొన్నకు సముద్రపు గాలి చేసే మేలేంది?

మేలు రాసినోళ్లంత పాసయిండ్రు. సముద్రమే లేదని రాసిన నేనొక్కణ్ణి మునిగిన.