మడతల గదికి పంపని తగవు

ఆసుపత్రి లాండ్రీ విభాగపు ఫిర్యాదుల పుస్తకం ఆరేళ్లుగా తెల్లగా ఉంది. పద్దెనిమిది మంది మనుషులు, మూడు యంత్రాలు, ఒకే మరుగుదొడ్డి. అయినా ఒక్క తగవూ లేదట. న్యాయశాస్త్రం చదివి ఫిర్యాదుల అధికారిణిగా కొత్తగా చేరిన నాకు అది శాంతిలా తోచలేదు, భయంలా తోచింది. సూపరింటెండెంటుదీ అదే మాట. అక్కడి పెద్ద అందరి నోళ్లూ నొక్కుతోందని తేలితే, ఆమెను ఆ బాధ్యత నుంచి తప్పించి గిడ్డంగికి పంపుతానని, వారంలో నివేదిక ఇమ్మని ఆయన చెప్పారు.

ఆ పెద్దను అందరూ మడతక్క అంటారు. పంతొమ్మిదో ఏట మురికిబట్టలు వేరుచేసే పనిలో చేరి, ఇరవై ఆరేళ్లలో విభాగానికే పెద్దయింది. చదువు ఏడో తరగతి. మరక చూసి ఆ దుప్పటి ఏ వార్డుదో చెప్పగలదు. ముఖం చూసి ఎవరికి ఎవరితో పడటం లేదో కూడా చెప్పగలదట. ఆ రెండో నేర్పే నాకు నచ్చలేదు.

నా అనుమానానికి ఊతం దొరకడానికి రెండు రోజులు పట్టలేదు. ఇస్త్రీ చేసే ఆవిడా, చిరుగులు కుట్టే ఆవిడా ఒక దుప్పటి కాలడం ఎవరి తప్పన్న దగ్గర ఉప్పూ నిప్పూ అయ్యారు. మడతక్క ఇద్దరినీ మడతల గదిలోకి పంపి, నలభై దుప్పట్లు ముందు పడేసి, తలుపు దగ్గరగా వేసింది. నేను బయట నిలబడి చెవి ఒగ్గాను. చాలాసేపు బట్ట దులిపిన చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్ద దుప్పటి ఒక్కరి చేతులకు లొంగదు. చెరోవైపు కొసలు పట్టుకుని, ఒకరి దాకా ఒకరు నడిచి, చేతికి చేయి అందించాలి. ఏ పదిహేనో దుప్పటి దగ్గరో ఇస్త్రీ ఆవిడ గొంతు వినిపించింది.

“సరిగ్గా పట్టవే తల్లీ. నీ నాలుక్కున్న పదును వేళ్లకు లేదేం?”

“ఇస్త్రీపెట్టెకు వేడుంటే చాలదా, నీకూ ఎందుకే?”

ఆ తర్వాత నవ్వులు. నేను బయట ఉన్నానని తెలిసే నవ్వారని నాకు గట్టిగా తోచింది. ఇద్దరినీ విడివిడిగా పిలిచాను. బలవంతం ఏమీ లేదని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. అచ్చంగా ఒకే మాట చెప్పే సాక్షులను అనుమానించమని మాకు నేర్పారు. రాసి సంతకం పెట్టమన్నాను. కుట్టే ఆవిడ కలం వెనక్కి తోసి, తీరిపోయిన తగవును మళ్లీ కాగితం మీద బతికించడం దేనికమ్మా అంది.

నాలుగో రోజున మడతక్కనే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఈ పద్ధతి ఎవరు నేర్పారంటే తోడికోడలని చెప్పింది. ఒకే వంటింట్లో ఏడాది పాటు మాటల్లేకుండా తిరిగిన ఇద్దరూ, వాన ముంచుకొస్తుంటే మేడ మీది దుప్పట్లు కలిసి తీయవలసి వచ్చి, నాలుగోదాని దగ్గర నోరు విప్పారట. కథ అందంగా ఉంది. అందమైన వాంగ్మూలాలంటే నాకు మరీ అనుమానం.

ఆ గదిలోకి వెళ్లనన్నవాళ్లు ఎవరూ లేరా అని సూటిగా అడిగాను. ఆమె నన్ను తూచినట్టు చూసింది.

“నేనే పంపనివాళ్లున్నారు మేడమ్. రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉంటేనే మడత కుదురుతుంది. ఒకరు మేడ మీద, ఒకరు నేల మీద ఉంటే ఏం మడతపెడతాం? అలాంటి తగవు ఒకటుంటే జాబు రాసి మీ ఆఫీసుకే పంపాను. మూడుసార్లు.”

“మా దగ్గర ఒక్కటీ నమోదు కాలేదే?”

“అది మీరు నన్నడగాలా, నేను మిమ్మల్నడగాలా?”

సంగతి ఇదీ. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు యంత్రంలోకి చేతులు పోకుండా ఒక అడ్డుకమ్మి ఉండేది. దానివల్ల పని నిదానమవుతోందని తీయించారు. వారం తిరక్కుండా ఒక అమ్మాయి నాలుగు వేళ్లు కాలాయి. అజాగ్రత్త ఆమెదేనని తేల్చి, హెచ్చరిక కాగితం చేతిలో పెట్టారు. నాలుగో జాబు రాస్తే ఆ అమ్మాయి ఉద్యోగమే పోతుందని కబురు వచ్చాక మడతక్క ఆగిపోయింది. కమ్మి తీయించిందెవరని అడిగాను. ఆమె నా పక్కగది వైపు చూసింది. అది సూపరింటెండెంటు గది.

ఆ చూపునూ నేను నమ్మలేదు. సాయంత్రం జాబుల రాకపోకలు రాసే పుస్తకం తిరగేశాను. మూడు తేదీలు, మూడు జాబులు. ప్రతిదాని ఎదుటా ఒకే వాక్యం: ‘మీలో మీరు సర్దుకోగలరు.’ కింద సూపరింటెండెంటు సంతకం. కంచే చేను మేస్తుంటే, నేను నాలుగు రోజులు చేలో దొంగకోసం వెతికాను.

నివేదికను ఆయనకు ఇవ్వలేదు. ఆ మూడు పుటల నకళ్లు జతచేసి నేరుగా ఆసుపత్రి పాలకమండలికి ఇచ్చాను. పదిరోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది: మడతక్క తన స్థానంలోనే ఉంటుంది, రోలరుకు కమ్మి బిగించాలి, సూపరింటెండెంటుపై విచారణ జరగాలి. ఆయన ఇంకా పక్కగదిలోనే ఉన్నారు. మునుపటికన్నా తియ్యగా పలకరిస్తున్నారు. ఆ తీపి నాకు పడటం లేదు.

ఉత్తర్వు ప్రతి ఇద్దామని మడతక్కను పిలిపించాను. ఆమె తన పేరున్న పంక్తి దాటి చివరిదాకా చదివింది.

“నా పెద్దరికం సంగతి సరే మేడమ్. ఆ పిల్లకిచ్చిన హెచ్చరిక కాగితం రద్దయినట్టు ఇందులో ఎక్కడుంది?”

ఎక్కడా లేదు. నేనూ అడగడం మరచిపోయాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. రద్దు కోరుతూ జాబు తయారయ్యేదాకా లేవలేదు. తయారయ్యాక ప్రతి పంక్తి కిందా వేలు పెట్టి చదివి, పంపినట్టు నంబరు వేసి ఇమ్మంది. నన్నింకా నమ్మలేదు. నమ్మమని నేనూ అనలేదు. నంబరు వేసి ఇచ్చాను.