బంగారు పోగు కొస

భివండి నుంచి ఠాణా పోయే బస్సు కాశేలి దగ్గర పెద్ద కుదుపుతో ఆగింది. ముందున్న లారీల వరుస ఢిల్లీ దాకా ఉంటుందని నా అంచనా. పక్క సీటు అమ్మాయి కంగారుగా ఒడిలోని డబ్బా తెరిచింది. ఆమె భివండిలోని తెలుగు నేతగాళ్ల పేట పద్మనగర్‌లో, సాంచాల, అంటే మరమగ్గాల మోత మధ్య పుట్టిందట. డబ్బాలో ఉన్నది తన బంగారు కమ్మలు కరిగించి, వెంట్రుకంత తీగ తీయించి, తానే నేసిన మొదటి హారమట. పదకొండుకల్లా ఠాణాలో నగల సేఠ్‌కు చూపించాలి. కుదుపుకు ఒక పోగు తెగింది.

"అన్నా, గీ కొస పట్టుకో. ముడేస్త."

నేతగాడి అలవాటు కొద్దీ వేళ్లకు ఉమ్ము తడి చేసుకున్నాను.

"ఛీ, గది నూలు కాదన్నా!"

తుమ్మితే హారం అరేబియా సముద్రంలో తేలుతుందని ఊపిరే మానేశాను. ముడి సగంలో ఉండగా ఫోన్ మోగింది. "సేఠ్, ట్రాఫిక్ హై, దస్ మినిట్" అని రెండుసార్లు బతిమాలింది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

"వేరేటోళ్ల మాల్ తీసుకున్నడట. నన్ను రావద్దన్నడు."

ఇక ఈ ముడి ఎందుకని కొస వదలబోయాను.

"ఇడువకు అన్నా. ముడి ఇంకా సగమే అయ్యింది."

పట్టుకున్నాను. ఆ రోజు నాకు చేతనైంది అంతే.