వంతెన అవతల తులసి చెప్పిన పేరు

1986 వేసవిలో ఒక శనివారం నేను రోచెస్టర్ నుంచి బఫెలో వెళ్ళింది నయాగరా జలపాతం చూడటానికి కాదు. శ్రీలంకలో కొలంబో అల్లర్లలో ఇల్లు కాలిపోయిన ఒక తమిళ కుటుంబం గుడిలో మాకు పరిచయమైంది. శివలింగం, ఆయన భార్య సెల్వి, ఏడేళ్ళ కూతురు తులసి. వాళ్ళ అమెరికా విజిటర్ వీసా ఆ వారంతో అయిపోతుంది. బఫెలో దగ్గర సరిహద్దు నది మీది వంతెన దాటి కెనడాలో శరణు అడుగుతామన్నారు. మద్రాసులో చదివి తమిళం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి కారూ నాదే, దుబాసీ పనీ నాదే అయింది. "వాళ్ళ పేపర్స్‌లో ఏదైనా తేడా వస్తే మన గ్రీన్‌కార్డ్ ఏమవుతుందో ఆలోచించారా?" అంది మా ఆవిడ సుజాత, పులిహోర డబ్బాలో సర్దుతూనే. ఆలోచించాను. అందుకే నిద్ర పట్టలేదు.

ఎనిమిదింటికి బయలుదేరాం. త్రూవే అనే టోల్ రోడ్డు మీద గంటన్నర దారి, టోల్ రెండు డాలర్ల లోపే. మధ్యలో రెస్ట్ ఏరియాలో ఆగి పులిహోర తింటుంటే పక్కన పోలీసు కారొకటి ఆగింది. అది వెళ్ళేదాకా తులసి నోట్లో ముద్ద మింగలేదు. "యూనిఫాం కనబడితే అంతే అన్నా," అంది సెల్వి. నాకూ భయమే, కానీ పైకి నవ్వాను.

పదిన్నరకి కెనడా వైపు ఆఫీసులో నిలబడ్డాం. ఆఫీసరు పెద్దాయన, మర్యాదస్తుడే. పాస్‌పోర్టులు చూసి, వంగి పాపని పేరడిగాడు.

"నిల్మిణి," అంది తులసి, తడుముకోకుండా.

ఆయన పాస్‌పోర్టు మళ్ళీ చూశాడు. ముఖం మారిపోయింది. "ఈ పాప మీ అమ్మాయేనా?" అన్నాడు. శివలింగం కౌంటర్ పట్టుకున్నాడు.

"నేనే నేర్పానని చెప్పండన్నా," అంది సెల్వి ఏడుస్తూ. "అది సింహళ పేరు. చెక్‌పోస్టులో తమిళ పేరు చెబితే బస్సు దింపేసేవాళ్ళు. యూనిఫాం వాళ్ళు అడిగితే ఇదే చెప్పాలని, తప్పినప్పుడల్లా కొట్టాను."

ఆ మాటలే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పాస్‌పోర్టు పక్కన పెట్టాడు. "అసలు పేరు పాపనే చెప్పమనండి," అన్నాడు.

సెల్వి మోకాళ్ళ మీద కూర్చుంది. "చెప్పమ్మా, ఇక్కడ చెప్పొచ్చు."

తులసి ఆయన చొక్కా బొత్తాలు చూసింది. తల్లి చేతులు చూసింది. "కొట్టవుగా?" అంది.

సెల్వి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అప్పుడు తులసి తన పేరు చెప్పింది, వినబడీ వినబడకుండా. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది.

కాగితాల పని పూర్తయ్యేసరికి మూడైంది. వాళ్ళని లోపలికి రానిచ్చారు. ఒక్కణ్ణే తిరిగొస్తూ సిగ్గుపడ్డాను. పొద్దుట్నుంచి నేను భయపడింది నా కార్డు గురించి. ఆ తల్లి బిడ్డని బతికించడానికి నేర్పిన పాఠమే ఆ రోజు బిడ్డని దూరం చేయబోయింది. ఆ "కొట్టవుగా" నాకిప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. ఇలాంటి కుటుంబాన్ని తీసుకెళ్తుంటే కాగితాలు ఎన్నిసార్లయినా చూసుకోండి గానీ, వంతెన ఎక్కే ముందు కారాపి, పిల్లల చేత వాళ్ళ పేరు ఒక్కసారి గట్టిగా చెప్పించండి.