స్టెంట్ కార్డుకు బొట్టు పెట్టాను

మా పట్టుపురుగులు నాలుగో జ్వరం నుంచి లేచిన పొద్దున నా జబ్బు బయటపడింది. పురుగులు మేత మానేసి పొర విడిచే రోజులను మేము జ్వరం అంటాం. నాలుగోది దాటాక వాటి ఆకలికి అంతు ఉండదు. మల్బరీ కొమ్మలు పరుస్తుంటే ఒక్కో పురుగు రెండుగా కనిపించింది. పంట రెట్టింపు వచ్చేట్టుందే అని ఒక్క క్షణం సంబరపడ్డాను కూడా. తల తిప్పితే కోడలు సరోజ కూడా ఇద్దరుగా నిలబడి ఉంది.

"అత్తా, నీ ఎడమ రెప్ప వాలిపోయుండాది" అంది.

"నిద్ర చాల్లేదులే. ఆకు పరుచు."

"ఆకు నీ కొడుకు పరుస్తాడు. నువ్వు చీర మార్చుకో."

మూడు వారాలుగా ఎడమ కంటి వెనక నొప్పి ఉండేది. కళ్ళద్దాలు మార్చాలేమోనని ఊరుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. కోలారులో కంటి డాక్టర్ టార్చి వేసి చూసి, కన్ను బాగుంది, తలకు స్కాన్ చేయించండి, ఈరోజే చేయించండి అన్నాడు. ఆ స్కాన్ చూసినవాళ్ళు ఇంటికి పోనివ్వలేదు. సాయంత్రానికి బెంగళూరులో ఉన్నాం.

అక్కడ యాంజియో చేశారు. డాక్టరమ్మ తెర మీద చూపించింది. రక్తనాళానికి ఒక పక్క చిన్న సంచి వేలాడుతోంది.

"దీన్ని అన్యూరిజం అంటారు. గోడ పలచబడి ఉబ్బింది. అది నరాన్ని నొక్కితే రెప్ప వాలింది. ఇంకా పగల్లేదు, మీ అదృష్టం."

"పగిలితే?"

"మనం ఇట్ల కూర్చుని మాట్లాడుకునే వాళ్ళం కాదు."

నాకు అలా చెప్పే మనిషే నచ్చుతుంది. తల కోస్తారా అని అడిగాను. కోయం, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి స్టెంట్ పెడతాం అంది. అది జల్లెడ అల్లికలా ఉండే గొట్టమట. రక్తం అందులోంచి నేరుగా సాగిపోతుంది, సంచిలోకి పోవడం తగ్గుతుంది, సంచి మెల్లగా మూసుకుంటుంది. మూసుకుందో లేదో ఎంఆర్ఐలో చూస్తూ ఉండాలి.

స్టెంట్ పెట్టారు. మర్నాడు నర్సు ఒక చిన్న అట్టముక్క కార్డు ఇచ్చింది. ఏ స్టెంట్, ఏ నంబరు, ఏ తేదీ, అన్నీ అందులో ఉన్నాయి. ఎప్పుడు ఎంఆర్ఐకి పోయినా చూపించమంది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. సరోజ కుప్పం పిల్ల, తెలుగు బడిలో చదివింది. పురుగుల ఇంట్లో వేడి ఎంత, తేమ ఎంత అని రాసుకోవడానికి నా చేత తెలుగు దిద్దించింది. ఇంగ్లీషు అక్షరాలు బస్సు బోర్డులు, మాత్రల అట్టలు చూసి నేనే దిద్దుకున్నాను. ఆసుపత్రి మంచం మీద పొద్దుపోక ఆ కార్డును మొత్తం నా నోటుబుక్కులోకి దిద్దాను. ఇంటికొచ్చాక నోటుబుక్కు పురుగుల ఇంట్లో, కార్డు దేవుడి గూట్లో చేరాయి.

రక్తం పలచబడటానికి రెండు రకాల మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటే చిన్న గీతకు కూడా రక్తం తొందరగా ఆగదు. సరోజ నా కొడవలి దాచేసింది. సంచి మూసుకుని ఒక మాత్ర ఆపేదాకా మల్బరీ తోటలో కొమ్మ కోసేది లేదంది. నలభై ఏళ్ళుగా నా చేతిలో ఉన్న కొడవలి అది. మూడు నెలల్లో రెప్ప లేచింది, చూపు సరిపడింది, కొడవలి మాత్రం రాలేదు. ఆరు నెలలకు బెంగళూరులోనే ఎంఆర్ఐ చేశారు. చాలావరకు మూసుకుంది, ఇంకా కొంచెం రక్తం పోతోంది, ఏడాది తర్వాత చూద్దాం అంది డాక్టరమ్మ. ఆ ఏడాదంతా తోట గట్టు మీద కూర్చుని కూలివాళ్ళను తిట్టాను.

అంతలో ఆయుధపూజ వచ్చింది. ఇంట్లో ఇనుపది ఏదున్నా కడిగి బొట్టు పెడతాం. ట్రాక్టరు, మందు కొట్టే పంపు, దాచిన కొడవలి, అన్నిటికీ పెట్టాం. అప్పుడు నాకు తట్టింది. నన్ను బతికించిన ఇనుము నా తలలో ఉంది. దానికి బొట్టు ఎలా పెట్టను? అందుకని దాని కార్డుకు తడి పసుపు పూసి, గంధం, కుంకుమ నిండుగా పెట్టాను.

ఈసారి ఎంఆర్ఐ కోలారులో ఒక స్కాన్ సెంటర్లో. మర్నాడు ఆ ఫిల్ములతో డాక్టరమ్మను చూడాలి. టెక్నీషియన్ కార్డు అందుకుని తిప్పి తిప్పి చూశాడు. పసుపు పెచ్చులతో పాటు అక్షరాలూ రాలిపోయాయి.

"అజ్జీ, ఇది కార్డా, కుంకుమ పొట్లమా?" అన్నాడు, అవ్వను కన్నడంలో పిలిచే పిలుపుతో.

"ఆయుధపూజ చేసినానప్పా. తలలో ఉండే ఇనుముకు ఇంగ యాడ పెట్టేది?"

"ఇనుమైతే నిన్ను ఈ గది గడప తొక్కనిచ్చేవాణ్ణే కాదు. లోపల ఉండేది పెద్ద అయస్కాంతం. స్టెంట్‌ది వేరే లోహం." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "చానా స్టెంట్లకు ఏమీ కాదు. అయినా ఏ స్టెంటో తెలీకుండా నేను పంపను" అన్నాడు.

"పోయినసారి బెంగళూరులో చేసినారు గదప్పా" అని సరోజ గొంతు పెంచింది.

"ఆడ వాళ్ళ దగ్గర ఫైలు ఉండాదమ్మా. నా దగ్గర ఏముండాది, కుంకుమ."

సరోజను ఊరుకోమన్నాను. నా పురుగుల ఇంట్లోకి పురుగులకు పడని బీడీ వాసనతో రాబోయిన సొంత మరిదినే గడప బయటి నుంచే పంపేసిన దాన్ని నేను. తన గదిని కాపాడుకునే వాడిని ఏమని తిట్టేది? ఆ గడప తలుచుకోగానే, లోపల మేకుకు వేలాడే నోటుబుక్కు గుర్తొచ్చింది. నా కొడుకు మునిరాజుకు ఫోన్ చేశాను.

"పురుగుల ఇంట్లో నా నోటుబుక్కు ఉండాది. దాంట్లో ఇంగ్లీషు రాసిన పేజీకి ఫోటో తీసి పంపు. కాళ్ళు కడుక్కొని పో."

"తల స్కాన్‌కు పోయి కూడా నా కాళ్ళ మీదే ఉండాది నీ ధ్యాస" అన్నాడు గానీ పంపాడు.

టెక్నీషియన్ ఆ ఫోటో చూశాడు. చేతిరాత నమ్మి పంపలేనన్నాడు. అయితే ఆ నంబరు పట్టుకుని బెంగళూరుకు ఫోన్ చేశాడు. వాళ్ళు ఫైలు తీశారు. పేరు, నంబరు, తేదీ అన్నీ కలిశాయి. వాళ్ళ కాగితం కంప్యూటర్లోకి వచ్చాక, "ఎవరు రాసింది అజ్జీ ఇది?" అని అడిగాడు.

"నేనే."

"మా డాక్టర్ల రాత కన్నా బాగుండాది."

ఆ మాటకు నా ఒళ్ళు తేలిపోయింది. తాళి, మెట్టెలు, జడపిన్నులు సరోజ చేతిలో పోసి లోపలికి వెళ్ళాను. తల చుట్టూ బోను బిగించి, చేతికి రబ్బరు బుడ్డ ఇచ్చారు. భయమేస్తే నొక్కమన్నారు. మిషన్ మొదలైంది. అచ్చం బోరుబండి మోత. మా కోలారు సీమలో బోరుబండి పక్కన ఊపిరి బిగపట్టి నిలబడని రైతు లేడు. నీళ్ళు పడాలి, పడాలి అని మొక్కుకుంటాం. నేను మాత్రం ఆ మోతలో పడుకుని, చుక్క కూడా పడకూడదు, ఎండిపోవాలి అని మొక్కుకున్నాను. బుడ్డ నొక్కలేదు.

మర్నాడు డాక్టరమ్మ పాత ఫిల్ము పక్కన కొత్తది పెట్టి చాలాసేపు చూసింది. సరోజ నా మోచేయి పట్టుకుంది.

"సంచిలోకి చుక్క రక్తం కూడా పోవడం లేదు. మొత్తం మూసుకుంది. ఒక మాత్ర ఆపేద్దాం. రెండోది వేసుకుంటూ ఉండండి."

"కొడవలి పట్టొచ్చా?"

"దేనికి?" అంది కంగారుగా. మల్బరీకి అని చెప్పాక, జాగ్రత్తగా పట్టొచ్చంది. బెంగళూరు నుంచి బంగారుపేట దాకా రైలులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను, ఎండిపోయిందని.

ఇప్పుడు రోజూ తోటలో కొమ్మ కోస్తున్నాను. మళ్ళీ ఎంఆర్ఐకి రమ్మన్నప్పుడు పోతాను. మీ తలలో స్టెంట్ ఉంటే నాది ఒకటే మాట: ఆసుపత్రి వదిలే రోజే ఆ కార్డుకు ఫోటో తీయించి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి, మీ చేత్తో ఒక పుస్తకంలో రాసుకోండి, అసలుది జేబులో ఉంచండి. దేవుడి గూట్లో మాత్రం వద్దు.

ఈ ఏడు ఆయుధపూజకు కుంకుమ గిన్నె పట్టుకుని, బెంగళూరు ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ ఇచ్చిన కొత్త కార్డు కోసం వెతికాను. సరోజ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. గిన్నె నా చేతిలోంచి తీసుకుని, నా ఎడమ కణత మీద బొట్టు పెట్టింది.

"లోహం ఉండేది ఈడ గదత్తా" అంది.