నా నోట్లోని నిప్పును ఆర్పిన ప్రభువు

సహోదరులారా, రెండేళ్ళ కిందట ఇవే రోజుల్లో నేను అన్నం తినలేకపోయాను, పులుసు తగిలితే మంట, వేడి గంజి తగిలితే మంట, ఉప్పు తగిలితే ఇక చెప్పనక్కర్లేదు, నోటి పైభాగమంతా పుండై, ఎండుచేపలు అమ్ముకునే నేనే ఎండుచేపలా అయిపోయాను! నా పేరు సారమ్మ, మాది నరసన్నపేటకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లె, నాకు చదువు రాదు గనుక నేను చెబుతుంటే మా కోడలు రత్నం రాస్తోంది.

ఆ పుండుకు కారణం అడ్డపొగ. తెలియనివారికి చెబుతాను. మా ఒడ్డున ఆడవాళ్ళం చుట్టను నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టుకుని తాగుతాం, అలాగైతే సముద్రపు గాలికి ఆరిపోదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, చేపలు ఎండబెట్టుకోవచ్చు, గంప ఎత్తుకోవచ్చు. మా అమ్మ తాగింది, మా అత్త తాగింది, పంటినొప్పికి మంచిదని నాకు నేర్పింది కూడా మా అత్తే. బాప్తిస్మం తీసుకున్నాక తిట్లు మానాను, వీధి గొడవలు మానాను, చుట్ట మాత్రం మానలేదు. పొగ బయటికి కనబడదు కదా, ఇదేం తప్పులే అనుకున్నాను!

శ్రీకాకుళంలో డాక్టరమ్మ టార్చిలైటు వేసి పుండునీ, దాని చుట్టూ ఉన్న తెల్లమచ్చలనీ చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఇంకా ముదరలేదు కానీ చుట్ట మానకపోతే క్యాన్సరే అవుతుంది, అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు అని చెప్పేసింది. మా వీధిలో ఒకామె అలాగే నోరు కుళ్ళి చనిపోయింది, చివరి రోజుల్లో ఆమెకు చెంచాతో నీళ్ళు పోసింది నేనే. అయినా ఇంటికి వచ్చి ఏం చేశానంటారు? భయం పోవడానికి చుట్ట వెలిగించాను! మా అప్ప, అదే మా పెద్దక్క, మందిరానికి రాదు గానీ మాట మాత్రం కత్తి. “ఒలే, కొరివెట్టడానికి నీకు కొడుకున్నాడు గదే, నీకు నువ్వే ఎట్టేసుకుంతన్నావేటి?” అంది. నాకు నవ్వు రాలేదు.

జనవరి మొదటి తారీకు ఉదయం ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు ఒక్కో కుటుంబాన్ని నిలబెట్టి కొత్త సంవత్సరపు తీర్మానం చెప్పిస్తారు. పిల్లలు బాగా చదువుతామంటారు, మగవాళ్ళు సారా ముట్టుకోం అంటారు, మేం ముసలాళ్ళం మాత్రం “మాకేటి బాబూ, అయిపోయిన బతుకులు, పిల్లల్ని అడగండి” అని కూర్చుండిపోతాం. ఆ యేడు అయ్యగారు వదల్లేదు. మా ఇంటాయన నీలయ్య చెప్పాడు, కొడుకు చెప్పాడు, రత్నం చెప్పింది, నా వంతు వచ్చింది, నా నోట్లో చూస్తే చుట్ట ఉంది! నా దాకా రాదులే అని కొంగు అడ్డం పెట్టుకుని వెనక చాప మీద కూర్చున్నాను మరి. నోరు బిగించి నిలబడ్డాను, పొగ లోపలే తిరుగుతోంది, కళ్ళమ్మట నీళ్ళు ధారలుగా కారిపోతున్నాయి, పరిశుద్ధాత్మ నన్ను ముట్టాడనుకుని సంఘమంతా హల్లెలూయ అంటూ చప్పట్లు! అయ్యగారి భార్య, మా అమ్మగారు, వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నోరు తెరిచి చెప్పమ్మా అన్నారు. తెరిచాను. మాట రాలేదు, పొగ వచ్చింది!

అందరూ నవ్వారు, మా ఇంటాయనైతే స్తంభం పట్టుకుని మరీ నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది సహోదరులారా, ఎందుకంటే ఇన్నేళ్ళుగా దేవుని మందిరంలో నేను ఒక్కసారైనా పైకి ప్రార్థన చేయలేదని అప్పుడే తెలిసింది, నోరు ఖాళీగా ఉంటే కదా! చుట్ట తీసి గుప్పిట్లో నలిపేశాను, చెయ్యి చురుక్కుమన్నా చూసుకోలేదు, గట్టిగా మొరపెట్టాను. “పెబువా, ఈ నోరు నీదే. నా వల్ల కాదు, నాను మాన్నేను. నువ్వే మానిపించు నాయినా. సచ్చిపోతానేమోనని నాకు బయ్యంగా ఉన్నాది.” నవ్వినవాళ్ళే మోకాళ్ళ మీద పడి నాతోపాటు ఏడ్చారు.

మర్నాటి నుంచి అంతా సుఖమే అనుకుంటున్నారా? తల పగిలిపోయేది, చేతులు వణికేవి, అయినదానికీ కానిదానికీ రత్నం మీద విరుచుకుపడేదాన్ని, ఒకసారి చేపల గంపే విసిరేశాను! ఆ పిల్ల ఒక లవంగం తెచ్చి నా చేతిలో పెట్టి, “తిట్టుకో అత్తా, నోట్లో సుట్ట నేకపోతే అదే సాలు” అనేది. మా ఇంటాయన తన బీడీకట్ట తీసుకెళ్ళి పొయ్యిలో పడేసి, “ముసిల్దానివి నువ్వు మానగా నేంది, నాను మాన్నేనేటి?” అన్నాడు. మనసు చుట్ట మీదికి పోయినప్పుడల్లా పైకి ప్రార్థన చేయడం దేవుడే నాకు నేర్పాడు, నోట్లో చుట్ట ఉంటే ప్రార్థన బయటికి రాదు, ప్రార్థన వస్తుంటే చుట్ట లోపలికి పోదు! కొళాయి దగ్గర, సంతలో, నరసన్నపేట ఆటోలో, ఎక్కడ పడితే అక్కడ మొరపెట్టేదాన్ని, ఆటోలోవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు, అనుకోనీ!

ఎండాకాలం దాటాక డాక్టరమ్మ మళ్ళీ లైటు వేసి చూసింది. పుండు మానింది, తెల్లమచ్చలు పోయాయి, భయం లేదు సారమ్మా అంది. దేవునికే మహిమ! ఇప్పటికీ రమ్మన్నప్పుడల్లా వెళ్ళి నోరు చూపించుకుంటున్నాను, ఆ డాక్టరమ్మను ఇచ్చింది కూడా ఆయనే కదా. ఆ రోజు ఇంట్లో రత్నం పెట్టిన చేపల పులుసు వేడివేడిగా తిన్నాను, మంట లేదు, అయినా కళ్ళనీళ్ళు ఆగలేదు, రత్నం కూడా ఏడ్చింది, మా ఇంటాయన మాత్రం “ఒసే, ముక్కలన్నీ నువ్వే తినేస్తన్నావు” అన్నాడు.

పెద్దవాళ్ళారా, కాటికి కాళ్ళు చాపుకున్న మనకేం తీర్మానాలు అనకండి. ఇంట్లో చిన్నవాళ్ళారా, మీ ముసలాళ్ళను కూడా నిలబెట్టి అడగండి, వదలకండి. ఈ కొత్త సంవత్సరం నేను మందిరంలో పాట ఎత్తుకుంటానని చెప్పాను, నాది కాకి గొంతే, అయినా అయ్యగారు ఒప్పుకున్నారు! ఇది ఎవరిచేతనైనా చదివించుకుని వింటున్న అక్కా, ఇప్పుడు కూడా నీ నోట్లో నిప్పు ఉందేమో. మానేస్తానని నాకు మాట ఇవ్వొద్దు. ఒక్కసారి దాన్ని బయటికి తీసి, “ప్రభువా” అని నోరారా పిలువు, చాలు.